బొడ్డు ఊడని పసిబిడ్డకి డైపర్లు ఆర్డర్ పెడుతున్నారా? ఫోటో చూసి మోసపోకండి

డెలివరీ డేట్ దగ్గర పడుతోందని డైపర్ల పెద్ద ప్యాక్ ముందే తెప్పించి బీరువాలో పెట్టుకునే నాలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. మా ఆవిడ కాన్పుకి తెనాలిలో పుట్టింటికి వెళ్లింది. ఇక్కడ కూర్చుని నేను చేయగలిగిన సాయం షాపింగ్ ఒక్కటే. న్యూబార్న్ సైజు, 72 డైపర్ల ప్యాక్, 849 రూపాయలు. వందల రకాలున్నా అదే ఎంచుకోవడానికి కారణం దాని ఫోటో. డైపర్ ముందు వైపు, నడుము అంచు దగ్గర, నెలవంకలా లోపలికి కోసి ఉంది. పక్కనే 'బొడ్డుకి తగలదు' అని పెద్ద అక్షరాలు. అటూ ఇటూ అంటించే స్టిక్కర్లు కూడా కనిపిస్తున్నాయి. ఫ్రీగా ఒక బొడ్డు బెల్టు. ఇంకేం కావాలి అనుకుని డబ్బు కట్టేశాను.

బాబు 2.6 కిలోలతో పుట్టాడు. ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులూ నర్సమ్మలు ఇచ్చినవే వాడారు. ఇంటికి వచ్చాక నేను పంపిన ప్యాక్ చింపితే లోపల ఉన్నవి స్టిక్కర్ డైపర్లు కావు, కాళ్లలోంచి ఎక్కించే ప్యాంట్ రకం. కోత లేదు, నడుము చుట్టూ కుచ్చుల ఎలాస్టిక్. ప్యాక్ మీద '5 కిలోల వరకు' అని ఉంది. అంటే మావాడికి దాదాపు రెండింతల బరువున్న పిల్లలకి కూడా సరిపోయేది. ఎక్కిస్తే దాదాపు రొమ్ముల దాకా వచ్చింది. ఎలాస్టిక్ పట్టీ సరిగ్గా బొడ్డు క్లిప్పు (పుట్టగానే బొడ్డుతాడుకి పెట్టే క్లిప్పు) మీద పడింది.

తప్పు మాదీ ఉంది. తేడా కనిపించగానే పక్కన పడేయాల్సింది. కానీ రాత్రి పదకొండు దాటింది, వర్షానికి ఉతికిన గుడ్డలేవీ ఆరలేదు. ఈ రాత్రికి సర్దుకుందాంలే అని వేసేశారు. మా అత్తగారు మాత్రం "పాత పంచె చింపి గోచీ కడతాను, ఆ రబ్బరు వద్దమ్మా" అంటూనే ఉన్నారట. ఎవరూ వినలేదు.

తెల్లవారి వీడియో కాల్‌లో ఉన్నాను. ప్యాంట్ డైపర్‌ని పక్కల కుట్టు దగ్గర చింపి తీయాలి. మా ఆవిడకి అది తెలియదు, మామూలు నిక్కరు లాగినట్టు కిందికి లాగింది. ఎలాస్టిక్ క్లిప్పుకి పట్టుకుంది. వాడు కెవ్వున ఏడ్చాడు. చూస్తే బొడ్డు మొదట్లో ఆవగింజంత రక్తం, పట్టీ మీద గోధుమ రంగు మరక, పొట్ట మీద ఎర్రగా గీత. పైగా మగపిల్లాడు కదా, ఉచ్చ పైకి పోసి ముందు భాగమంతా తడిసింది. ఆ తడిలోనే బొడ్డు రాత్రంతా నానింది. హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో చూస్తుంటే ఎంత టెన్షనో చెప్పలేను.

పిల్లల డాక్టర్ చూసి, అదృష్టవశాత్తూ ఇన్ఫెక్షన్ లేదన్నారు. ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతవరకు రాస్తాను. బొడ్డు సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతటదే ఎండి ఊడుతుంది. దానికి కావాల్సింది గాలి, పొడిదనం. డైపర్ ఏదైనా సరే బొడ్డు కిందే ఆగాలి. స్టిక్కర్ రకం అయితే ముందు అంచుని రెండు వేళ్ల వెడల్పు బయటికి మడిచి అంటించాలి. మగపిల్లలకైతే మూత్రాంగం కిందికి చూసేలా సర్ది వేయాలి. ఉచ్చ గానీ విరేచనం గానీ బొడ్డుకి అంటితే, కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన శుభ్రమైన దూదితో తుడిచి, మెత్తటి గుడ్డతో అద్దాలి. ఊడేదాకా ఒళ్లు తుడవడమే, తొట్టి స్నానాలు వద్దు. సగం ఊడి వేలాడుతున్నా లాగకూడదు. ఊడేటప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం వస్తే కంగారు పడక్కర్లేదు. కానీ బొడ్డు చుట్టూ ఎరుపు పాకినా, వాచినా, చీము పట్టినా, చెడు వాసన వచ్చినా, రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, పాలు తాగడం మానేసినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, రేపు చూద్దాం అనకూడదు.

ఫ్రీగా వచ్చిన బెల్టు చూపిస్తే "ఇది కడితే గాలి ఆడదు, తడి లోపలే ఉండిపోతుంది" అని పక్కన పెట్టించారు. పసుపు, ఆముదం, పౌడర్, బూడిద ఏదీ పూయొద్దన్నారు. మా అత్తగారి మొహం కొంచెం మాడింది. కొబ్బరినూనె పసుపు కలిపి అప్పటికే గిన్నెలో సిద్ధంగా పెట్టుకున్నారు మరి.

ఇక కొన్న ఆన్‌లైన్ షాపుకి ఫోన్ చేశాను. "సార్, డైపర్లు హైజీన్ ప్రొడక్ట్, ప్యాక్ ఓపెన్ చేస్తే రిటర్న్ ఉండదు" అన్నారు. ఓపెన్ చేయకుండా లోపల కోత ఉందో లేదో ఎలా తెలుస్తుందయ్యా అంటే సమాధానం లేదు. అందులో సరుకు పెట్టి అమ్మినవాళ్లేమో 'చిత్రం కేవలం సూచన కోసమే' అని మెసేజ్ పెట్టారు. చివరికి 100 రూపాయల కూపన్ ఇస్తామన్నారు. వద్దన్నాను.

నాకూ ఆలస్యంగానే తెలిసిన విషయం ఒకటుంది. మన దేశంలో 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువుకి లేకపోతే వెనక్కి తీసుకోననడానికి గానీ, డబ్బు తిరిగివ్వననడానికి గానీ అమ్మకందారుకి వీల్లేదు. 'ఓపెన్ చేశారు కదా' అని వాళ్లు అనగానే మనం నోరు మూసుకోనక్కర్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాను, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. ఆర్డర్ పెట్టిన రోజే లిస్టింగ్‌ని (ఆన్‌లైన్‌లో ఆ వస్తువు పేజీని) స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. నేను తీయలేదు. ప్యాక్ విప్పేటప్పుడు వీడియో కూడా తీయండి.

కొనేవాళ్లకి నా సలహా అడిగితే, మొదటి రెండు మూడు వారాలకి ప్యాంట్ రకం జోలికే పోవద్దు. పేరులో స్టిక్కర్ రకం అని ఉందో లేదో చూడండి, అమ్మేవాళ్లు పెట్టిన ఫోటోలు కాదు, కొన్నవాళ్లు రివ్యూల్లో పెట్టిన ఫోటోలు చూడండి. మొదట పది పన్నెండు ఉన్న చిన్న ప్యాక్ చాలు. వీలైతే ఆసుపత్రి పక్కన మందుల షాపులోనే అడిగి, చేత్తో పట్టుకుని చూసి తీసుకోండి. పగలు మాత్రం గుడ్డలే నయం, బొడ్డు కిందికి కట్టుకోవచ్చు, తడిసిన వెంటనే తెలుస్తుంది. ఈ విషయంలో అత్తగారిదే గెలుపని ఫోన్‌లో ఒప్పుకున్నాను కూడా.

మావాడికి పన్నెండో రోజు పొద్దున బొడ్డు ఊడింది. అత్తగారు దాన్ని వెండి తాయెత్తులో పెట్టించాలని జాగ్రత్త చేశారు. మిగిలిన 71 డైపర్లు బీరువాలో ఉన్నాయి. 1915 ఫిర్యాదు ఇంకా తేలలేదు. ఇవాళ పొద్దున ఆ లిస్టింగ్ మళ్లీ తెరిచాను, నెలవంక కోతతో అదే ఫోటో ఉంది.