సలేశ్వరానికి సొంత కారు వద్దు

నల్లమల అడవి లోయలో ఉన్న శివుడి గుహ సలేశ్వరం పోదామనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది బండి సంగతి. ఏడాదంతా అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి ప్రాంతం, మనలాంటివాళ్లకు దారి ఉండదు. చైత్ర పౌర్ణమి జాతరకు తెరిచే ఆ కొద్ది రోజుల్లోనే జనమంతా మన్ననూరు దాటాక వచ్చే ఫరహాబాద్ గేటు మీద పడతారు. అక్కడి నుంచి రాంపూర్ పెంట అనే చెంచు గూడెం దాకా సుమారు 30 కిలోమీటర్ల అడవి బాట. ఎదురుగా బండి వస్తే చాలాచోట్ల ఎవరో ఒకరు పక్కకు దిగాల్సిందే. మేం అచ్చంపేటలో ఆర్టీసీ స్పెషల్ బస్సు ఎక్కాం. బస్సు కూడా జామ్‌లో ఇరుక్కుంది, కాదనను. కానీ రివర్స్ తీసే టెన్షన్, పార్కింగ్ వెతుకులాట మనవి కావు. కిటికీకి తల ఆనించి ఓ కునుకు తీయొచ్చు.

బసకు అచ్చంపేటలో లాడ్జీలున్నాయి. మేం దిగినచోట జాతర పేరు చెప్పి మామూలు రేటుకు రెట్టింపు తీసుకున్నారు, తెల్లవారుజామున చూస్తే కుళాయిలో నీళ్లు లేవు. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలు దొరికితే వాటికి మించింది లేదు, ముందే బుక్ చేసుకోవాలి. శ్రీశైలంలో పడుకుని పొద్దున్నే వద్దామనుకుంటే మాత్రం దెబ్బతింటారు. ఆ అడవి హైవే మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు.

ఇక నడక. రాంపూర్ పెంట నుంచి ఐదు కిలోమీటర్ల వరకు ఉంటుంది. దూరం చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. కానీ సగం దారి రాళ్ల మీద నిట్టనిలువుగా దిగుడే. కొన్నిచోట్ల ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ, మధ్యలో మనిషి పట్టేంత సందు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అందులోంచే. దిగేవాళ్లు "వత్తన్నం లింగమయ్యా" అంటుంటే, ఎక్కేవాళ్లు "పోతన్నం లింగమయ్యా" అని ఆయాసపడుతూ జవాబిస్తారు. భక్తి అటుంచితే, మలుపు అవతల జనం ఉన్నారని తెలియడానికి ఆ కేకలే హారన్లు. చెప్పుల్లో వచ్చినవాళ్లు చాలామంది వాటిని చేత్తో పట్టుకుని దిగుతున్నారు. గ్రిప్ ఉన్న బూట్లు, ఊతకు కర్ర తప్పనిసరి.

టేకు చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి పైన నీడ ఆశించొద్దు. లోయలోకి దిగాక మాత్రం చల్లదనం తెలుస్తుంది. రెండు గుట్టల నడుమ పైనుంచి ధార గుండంలో పడుతుంటుంది, పక్కన గుహలో లింగం. పూజలు చేసేది చెంచులే. ధార కింద నిలబడ్డ కాసేపటికే పళ్లు టకటకలాడాయి. దర్శనం క్యూ కన్నా గుండం దగ్గర తోపులాటే ఎక్కువ. పిల్లల్ని అక్కడికి తీసుకుపోకపోవడమే మంచిది.

దారిలో అన్నదానం, మజ్జిగ బాగానే దొరికాయి. ఆ సేవ చేసేవాళ్లకు దండం పెట్టాలి. ప్లాస్టిక్ బాటిళ్లు గేటు దగ్గరే ఆపేస్తున్నారు, స్టీలు సీసా తెచ్చుకోండి. ఓ చెంచు పెద్దమ్మ మోదుగాకులో తునికి పండ్లు పెట్టి అమ్ముతోంది. పసుపు గుజ్జు, కొంచెం వగరు, గింజే ఎక్కువ. అయినా ఎక్కేటప్పుడు గొంతు తడారకుండా అవే ఆదుకున్నాయి.

అసలు పరీక్ష తిరుగు ఎక్కుడు. మధ్యాహ్నానికి బండలు సెగలు కక్కుతుంటాయి. తెల్లారేసరికి నడక మొదలుపెట్టి ఎండ ముదరకముందే పైకి వచ్చేస్తేనే సుఖం. సాయంత్రమైతే బస్సుల దగ్గర సీటు కోసం ఇంకో జాతర. లింగాల అనే ఊరి వైపు నుంచి కూడా దారి ఉంది కానీ అక్కడ నడక చాలా ఎక్కువ, బాగా అలవాటున్నవాళ్లకే. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే వాళ్లను రంగాపూర్ దగ్గరి ఉమామహేశ్వరానికి తీసుకెళ్లండి, గుట్ట మీద గుడి దగ్గరిదాకా బండి పోతుంది.