ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ సీజన్లు దాటినంక: లింక్ పోవుడు కాదు, తిరిగొచ్చుడే తలనొప్పి

వరంగల్‌ల ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్‌ల కంప్యూటర్ల పని నాదే, అకౌంట్స్ కూడా సగం నామీదే. కాంటా సాఫ్ట్‌వేర్, బస్తాల లెక్క, రైతుల బాండ్లు అన్నీ ప్రాక్స్‌మాక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌తోటి జతకట్టిన రెండు సర్వర్ల క్లస్టర్ మీద నడుస్తయి. ఒకటి పోతే పని దానంతటదే రెండో దాని మీద లేస్తది, దాన్నే హెచ్‌ఏ అంటరు. నడుమ లింక్ తెగితే ఏ సర్వర్ నడవాలెనో ఓట్లతోటి తేలుతది, ఆ మూడో ఓటుకు ఒక పాత పీసీని క్యూడివైస్‌గా పెట్టినం. మిగతా ఫీచర్లు అందరికీ తెల్సినవే, నేను మాట్లాడేది సర్వర్లు లోపల్లోపల మాట్లాడుకునే కోరోసింక్ అనే ప్రోగ్రామ్ లింకుల గురించే.

కొత్తల మస్తు ఖుషీ అయిన. ఒక కేబుల్ గుంజేసి చూస్తే టక్కున రెండో లింక్‌కి మారింది, కాంటా కాడ కూసున్న పిలగానికి సోయే లేదు. కనిపించినోళ్లందరికీ పెట్టి మర్చిపోండ్రి అన్న. ఇప్పుడైతే పెట్టుండ్రి అని మాత్రమే అంటున్న.

పోయిన సీజన్ల ఏమైందంటే, లింక్ 0 అంటే సర్వర్ల నడుమ డైరెక్ట్ కేబుల్, బిగించిపోయినాయన దాన్ని అమ్మోనియా కంప్రెసర్ మోటార్ కరెంట్ వైరు పక్కపొంటే ఒకే ట్రేల గుంజిండు. చాంబర్లు నిండినకొద్దీ కంప్రెసర్ లోడ్ పెరిగింది, ప్యాకెట్లు ఖరాబుడు మొదలైంది. పచ్చ లైటు మాత్రం వెలుగుతనే ఉంటది, దానికి అవతలి నుంచి సిగ్నల్ ఉంటే చాలు, డేటా సక్కగ చేరిందా లేదా దానికెందుకు. కోరోసింక్ పింగ్ కొట్టి జవాబు చూస్తది కాబట్టి లింక్ డౌన్ అని పట్టింది, అది ఒప్పుకోవాలె. కానీ కొన్ని జవాబులు సక్కగ రాంగనే మల్ల అప్ అంటది, ప్రయారిటీ మార్చకుంటే మల్ల లింక్ 0 మీదికే ఎక్కుతది, పక్కన మంచి రోడ్డు ఉన్నా గుంతల తొవ్వకే మల్లే డ్రైవర్ లెక్క. మనం స్టేటస్ చూసే టైంకి రెండూ కనెక్టెడ్ అనే ఉంటది. మెయిల్ రాదు, లాగ్‌ల మాత్రం డౌన్, అప్, డౌన్, అప్ అని పేజీలకు పేజీలు.

ఒకనాడు గేటు బయటిదాక ట్రాలీల లైన్ ఉంది, ఎవరో సీసీటీవీ ఫుటేజ్ కాపీ పెట్టిండ్రు, లింక్ 1 పోయేది కూడా ఆ 100 ఎంబీ పాత స్విచ్ మీదనే. రెండు లింకులూ పోయినయి, ఓటు దక్కని సర్వర్‌ని 60 సెకండ్లకు వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ రీబూట్ కొట్టింది. కాంటా రెండో దాని మీద లేచేదాక రైతులతోటి లొల్లి, సేటు ఫోన్ల మీద ఫోన్లు.

నెట్‌వర్క్ కార్డు లెక్కలు చూపెట్టే ఎథ్‌టూల్ కమాండ్‌ల సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే ఖరాబై వచ్చిన ప్యాకెట్ల లెక్క, కంప్రెసర్ నడిస్తే పెరుగుతున్నయి, బంద్ చేస్తే ఆగుతున్నయి, అట్ల దొరికింది. కొందరు టోకెన్ టైం, అంటే అవతలి సర్వర్ పోయిందనుకునే ముందు కోరోసింక్ ఆగే టైం, పెంచుమన్నరు, కోరోసింక్ 3.1 నుంచే డీఫాల్ట్ 1000 నుంచి 3000 మిల్లీసెకండ్లకు పెరిగింది, కేబులే ఖరాబున్నంక ఎంత పెంచితే ఏం లాభం. లింక్ 1కి వేరే స్విచ్ పెట్టి ప్రయారిటీ దానికే పెంచిన, లింక్ 0కి ఫైబర్ వేయించినం, లాగ్‌ల డౌన్ అని పడంగనే ఫోన్‌కి మెసేజ్ వచ్చేటట్టు చిన్న స్క్రిప్ట్ రాసుకున్న.

మొత్తానికి తీసేయను, లైసెన్స్ ఖర్చు లేకుంట ఇంతకంటే మంచిది మా సేటు కొననియ్యడు. రాత్రిపూట లాగులు చూసే మనిషున్న హాస్పిటల్‌కో బ్యాంకుకో ఈ బాధ ఉండకపోవచ్చు. మా లెక్క ఒక్కడే అన్నీ చూసుకునే కాడ మాత్రం, రెండు లింకులూ వేరే వేరే తొవ్వల పోయేదాక హెచ్‌ఏ ఆన్ చెయ్యకుండ్రి.