పాత బ్రెజ్జా కొనేముందు ఉస్తాద్‌ని పిలిచాను, మూడు విజిట్ల కథ

ముందే చెప్పేస్తున్నా, ఇది కంపెనీ సర్వీసు రివ్యూ కాదు. మలక్‌పేట వైపు చిన్న షెడ్డు ఉన్న ఒక ఉస్తాద్ (మెకానిక్), పాత బండి కొనేవాళ్ల వెంట వచ్చి చూసిపెడతాడు. ఒకసారి వస్తే 1,500, బండి బాగున్నా బాగోలేకపోయినా అదే రేటు. నేను మూడుసార్లు పిలిచాను కాబట్టి 4,500 ఖర్చుపెట్టిన హక్కుతో రాస్తున్నా.

మా బడ్జెట్ 7 లక్షలు. నెలకి రెండుసార్లు సూర్యాపేట వెళ్లిరావాలి, అందుకని మారుతి డీజిల్ బ్రెజ్జా మీద కన్ను పడింది. 2016లో వచ్చిన ఈ బండిలో ఉన్నది అప్పటి స్విఫ్ట్ డీజిల్‌లో వాడిన 1.3 లీటర్ ఇంజనే, కాబట్టి సందు చివరి మెకానిక్‌కి కూడా చెయ్యి తిరిగినదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 (పొగ కాలుష్యం మీద కొత్త నిబంధన) వచ్చేసరికి మారుతి డీజిల్ ఆపేసింది. అంటే ఇప్పుడు దొరికే ప్రతి డీజిల్ బ్రెజ్జాకీ ఐదేళ్లు దాటినట్టే. ఇంత వయసొచ్చాక మోడల్ పేరు సగం మాటే, ఎవరి చేతిలో ఎలా తిరిగిందన్నది మిగతా సగం.

మొదటిది నాగోల్‌లో తెల్ల బండి. 2018 ఫిబ్రవరి రిజిస్ట్రేషన్, సింగిల్ ఓనర్, 62 వేల కిలోమీటర్లు, రేటు 6.75 లక్షలు. అప్పటికే ఒక ఆన్‌లైన్ చెకింగ్ వాళ్లకి (పేరు వద్దులెండి) వెయ్యి కట్టి రిపోర్ట్ తెప్పించుకున్నా. ఇరవై పేజీల పీడీఎఫ్, టైరు గాడి లోతు మిల్లీమీటర్లలో, ఇంజన్ ఎదురుగా పచ్చ టిక్కు, మార్కులు 5కి 4.3. అది చూసి మా ఆవిడ ఇంకేం కావాలి, టోకెన్ ఇచ్చేయండి అంది. మా బావమరిది మాత్రం ఒక్కసారి ఉస్తాద్‌కి చూపించు బావా అని పట్టుబట్టాడు.

ఉస్తాద్ గంట లేటుగా యాక్టివా మీద వచ్చాడు. వస్తూనే బానెట్ మీద అరచెయ్యి పెట్టి అలాగే కాసేపు నిలబడ్డాడు. "గరం చేసి పెట్టిండ్రు సార్. రేపు పొద్దుగాల ఆరింటికి వస్త, అప్పటిదాంక చాబీ తిప్పొద్దని చెప్పుండ్రి" అని, 1,500 తీసుకుని వెళ్లిపోయాడు. అబద్ధం ఎందుకు, నాకు ఒళ్లు మండింది. తర్వాత అర్థమైంది, డీజిల్ ఇంజన్ వేడి మీద ఉంటే గ్లో ప్లగ్గుల (చల్లని ఇంజన్ స్టార్ట్ అవడానికి వేడి ఇచ్చేవి) సంగతి, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల సంగతి, స్టార్ట్ కాగానే రెండు మూడు సెకన్లు వినిపించే ఇంజన్ లోపలి చైన్ చప్పుడు, ఏదీ బయటపడదు.

మర్నాడు ఆరింటికి చల్లని ఇంజన్ ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. నడుస్తుండగానే ఆయిల్ మూత తీసి చూశాడు, పొగ కొట్టడం లేదు. నాకు లోపల సంతోషం. అప్పుడు ముందు సీట్లో కూర్చుని సీట్ బెల్ట్ మెల్లగా లాగడం మొదలుపెట్టాడు, లాగుతూనే ఉన్నాడు, రీల్ ఖాళీ అయ్యేదాకా. మనం రోజూ లాగేది ముందు భాగమే కదా, అడుగున చుట్టుకుని ఉండే చివరి మూర ఎవరు చూస్తారు? అక్కడ ఉంది, టీ మరక లాంటి గోధుమరంగు గీత, దాని కింద నేతలో ఇంకిపోయిన సన్నటి మట్టి. గోటితో గీకి నా ముందు పెట్టాడు. తర్వాత డోర్ దగ్గరి ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ ఎత్తితే సీటు బోల్టులకి తుప్పు, ఫోమ్‌లో అదే మట్టి. "నీళ్లల్ల మునిగింది సార్ ఇది."

ఓనర్ ఒప్పుకోలేదు, వాషింగ్ వాళ్లు లోపల నీళ్లు కొట్టారన్నాడు. ఇక్కడ నేనూ కాస్త బుర్ర వాడా. ఇన్సూరెన్స్ కాగితం అడిగి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) చూశా. క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికీ అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది, క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా. 2025 ఫిబ్రవరి పాలసీలో 45 ఉంది. అంటే వరసగా నాలుగేళ్లే క్లెయిమ్ లేదు, వెనక్కి లెక్కేస్తే 2020 ఫిబ్రవరికీ 2021 ఫిబ్రవరికీ మధ్య ఏదో జరిగింది. 2020 అక్టోబర్ వాన హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి గుర్తు చేయక్కర్లేదు, ఎన్ని సెల్లార్లలో ఎన్ని కార్లు మునిగాయో. ఇది చెప్పాక ఓనర్ గొంతు తగ్గింది, "అదంతా అప్పుడే చేయించినం అన్నా" అన్నాడు. చేయించే ఉంటాడు. ఇంజన్ కడిగించొచ్చు, సీట్లు మార్చొచ్చు, కానీ వైరింగ్ కనెక్టర్లలో పట్టిన చిలుము ఏళ్ల తరబడి తింటూనే ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ డబ్బా చాలా కార్లలో గేర్ దగ్గర నేలకి ఆనుకునే ఉంటుంది, అంత లోపలికి వెళ్లిన నీళ్లు దాన్ని వదిలిపెడతాయా?

మూడో విజిట్ మియాపూర్‌లో బూడిదరంగు బండికి. 2019ది, 48 వేలు తిరిగింది, 7.10 లక్షలు. ముందు ఫెండర్ గీసుకుపోతే పెయింట్ వేయించానని ఓనరే చెప్పాడు. ఉస్తాద్ పెయింట్ మందం కొలిచే మీటర్ పెడితే డోర్ల మీద 110 మైక్రాన్లు, ఫెండర్ మీద 290, మాటకి లెక్క సరిపోయింది. లోపం క్లచ్ దగ్గర దొరికింది. హ్యాండ్‌బ్రేక్ లాగి మూడో గేర్ వేసి క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ ఠక్కున ఆగిపోవాలి. ఇది ఆగకుండా ఈడ్చింది, అంటే క్లచ్ అరిగిపోయినట్టే, మియాపూర్ నుంచి హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఆరేళ్లు తిరిగితే మరి! టైర్లు కూడా బండితో వచ్చినవే, పక్కన 1419 అని ఉంది, అంటే 2019లో 14వ వారం తయారీ. ఈ రెండూ చూపించి 35 వేలు తగ్గించుకున్నాం. సర్వీస్ హిస్టరీ, చలాన్లు, లోన్ క్లియరయ్యాక ఆర్సీలో బ్యాంకు పేరు తీసేశారా లేదా అన్నవి నేనే చూసుకున్నా, ఉస్తాద్ కాగితాల జోలికి రాడు.

లోపాలు కూడా చెప్పాలి. రాతలో రిపోర్ట్ ఇవ్వడు, నోటిమాటే. టైముకి రాడు. ఆయన స్కానర్ ఇంజన్ లోపాల కోడ్లే చదువుతుంది, ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్‌లకి పనికిరాదు, దానికి చాబీ ఆన్ చేసి ఆ లైట్లు వెలిగి ఆరుతున్నాయా అని చూశాడంతే (అసలు వెలగకపోతే ఎవరో పీకేసినట్టు). ఆటోమేటిక్ బండి అయితే ఈయన్ని పిలవొద్దు, "అది నాకు రాదు" అని తనే చెప్తాడు. ఇన్ని ఉన్నా నా లెక్కలో 5కి 4. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ ఎత్తడు.

నాగోల్ తెల్ల బండి నిన్న మళ్లీ అమ్మకానికి కనిపించింది. రేటు 6.40కి దిగింది, మార్కులు అవే 4.3, సీట్ కవర్లు మాత్రం కొత్తవి.