మూడు పిస్టన్ల ట్యూబా: నాదం నిండుగా ఉంది, 1-3 పిస్టన్లు కలిపి నొక్కే దగ్గరే తంటా

చెన్నైలో కొనేందుకు దొరుకుతున్న మీరట్ తయారీ బి-ఫ్లాట్ ట్యూబా (బ్యాండులో అట్టడుగు స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బాకా) ఇది. కింది స్వరాలు గుండెకు తగిలేంత నిండుగా పలుకుతాయి. ఊరేగింపుకు భేషుగ్గా సరిపోతుంది. చర్చిలో కీబోర్డు పక్కన వాయించాలంటే మాత్రం ఆలోచించి కొనండి.

గొట్టం మొత్తం పొడవు సుమారు 18 అడుగులు. పిస్టన్లంటే వేలితో నొక్కే మీటలు; రెండో పిస్టన్ అరస్వరం, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర దించుతాయి. ఏ పిస్టన్ లూపునైనా (నొక్కినప్పుడు కలిసే అదనపు గొట్టం) అదొక్కటే నొక్కితే సరిపోయే పొడవుకు కోస్తారు. ఒకటీ మూడూ కలిపి నొక్కితే ఆ రెండు లూపుల పొడవు చాలదు, శ్రుతి 30 సెంట్ల దాకా ఎక్కుతుంది (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు). మూడూ నొక్కితే 50 దాటుతుంది. పెదవితో కిందికి లాగొచ్చు గానీ నాదం పలచబడుతుంది. మొదటి పిస్టన్ స్లైడు (లాగితే లూపు పొడవు పెంచే జారుగొట్టం) ఎడమ చేతికి అంది, వాయిస్తూనే లాగేలా ఉంటే ఈ బాధ ఉండదు. ఇందులో అది కిందికి తిరిగి, బిగుసుకుని ఉంది. ఇదే పెద్ద లోపం.

ఉన్నంతలో మూడో స్లైడును 3 సెం.మీ. లాగి ఉంచండి. 2-3 కలిపి నొక్కితే శ్రుతిలో పడుతుంది, 1-3 తేడా సగానికి తగ్గుతుంది. ఇక మూడో పిస్టన్‌ను ఒంటరిగా నొక్కొద్దు, బదులుగా 1-2 వాడండి. డబ్బు కాస్త ఎక్కువైనా నాలుగు పిస్టన్లది దొరికితే అదే మేలు: 1-3కి బదులు 4, 1-2-3కి బదులు 2-4.

సెట్టుతో ఇచ్చే మౌత్‌పీస్ మార్చేయండి. దాని కప్పు లోతు లేక నాదం గరగరలాడుతుంది. గరాటులా దిగే కప్పుతో గుండ్రంగా వస్తుంది. షాంక్ (మౌత్‌పీస్ తోక) రిసీవర్‌లో (అది దూరే గొట్టపు మూతిలో) ఊగితే పై స్వరాలు కుదురుగా నిలవవు.

కొట్లోనే ఒక పరీక్ష చేయండి: పిస్టన్ నొక్కకుండా దాని స్లైడు కొద్దిగా లాగి, రెండు క్షణాలు ఆగి నొక్కండి. 'టప్' మనాలి. అనకపోతే ఎక్కడో గాలి కారుతోంది. సొట్టలు మౌత్‌పీస్ వైపు గొట్టంలో ఉంటే వద్దనండి, అక్కడ చిన్న సొట్టకే కొన్ని స్వరాలు ఎక్కి కొన్ని దిగుతాయి. బెల్ (బాకా వెడల్పు నోరు) మీద సొట్ట అంత హాని చేయదు.

లోపలి గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు ఎక్కుతుంది. మెయిన్ స్లైడు (మొత్తం వాద్యానికి శ్రుతి సరిచేసేది) ఒక సెం.మీ. లాగితే 6 సెంట్లు దిగుతుంది. అందుకే ఏసీ హాల్లో శ్రుతి చేసి మే నెల ఎండలోకి నడవొద్దు. బయటే పావుగంట ఉంచి, బాగా ఊదాక స్లైడు సర్దుకోండి.