కాలేజ్ స్కోర్‌కార్డ్ సమీక్ష: క్రిమినల్ జస్టిస్ చదువు, జీతం, అప్పు

అమెరికా విద్యాశాఖ 2013 నుంచి ఉచితంగా నడుపుతున్న కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైటును, అక్కడ క్రిమినల్ జస్టిస్‌లో (పోలీసు, కోర్టు, జైలు వ్యవస్థల చదువు) డిగ్రీ చేస్తానంటున్న మా అన్నయ్య కూతురి కోసం కొంతకాలంగా పరిశీలిస్తున్నాను. ఈ సైటు ఫోన్ నంబరు అడగదు, కాబట్టి ఆ తర్వాత రోజూ ఫోన్ చేసి విసిగించేవారూ ఉండరు. అమీర్‌పేట, హిమాయత్‌నగర్ కన్సల్టెన్సీల మెట్లెక్కి దిగినవారికి ఈ సుగుణం విలువ వేరే చెప్పనక్కరలేదు.

కాలేజీ పేరు వెతికి కోర్సును ఎంచుకుంటే, అక్కడ పట్టా పుచ్చుకున్నవారి మధ్యగత (అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ ఉండే) ఆదాయమూ, చదువు ముగిసేనాటికి వారి నెత్తిన ఉన్న మధ్యగత అప్పూ ఒకే చోట కనిపిస్తాయి. ఆదాయపు అంకెలను కాలేజీలు చెప్పుకున్న గొప్పల నుంచి కాక ప్రభుత్వ పన్ను రికార్డుల నుంచి తీసుకుంటారు. 2019లో కోర్సువారీ ఆదాయాలను చేర్చాక సైటు ఉపయోగం బాగా పెరిగింది. ఒకే కాలేజీలో క్రిమినల్ జస్టిస్‌ను నర్సింగ్‌తోనో కంప్యూటర్ సైన్స్‌తోనో పోల్చి చూస్తే, కాలేజీ పేరు కన్నా కోర్సే జీతాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందన్న సంగతి ఎవరూ చెప్పకుండానే బోధపడుతుంది. విద్యార్థుల సంఖ్య మరీ తక్కువగా ఉన్న కోర్సులకు మాత్రం గడి ఖాళీగా వదిలేస్తారు. చిన్న కాలేజీలను ఎంచుకున్నవారికి ఇది చికాకు కలిగించే విషయమే.

అసలు చిక్కు అప్పు గడిలో ఉంది. అక్కడ చూపేది అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన విద్యా రుణం మాత్రమే. ప్రైవేటు రుణాలు అందులో కలవవు. పైగా తల్లిదండ్రుల మీద ఆధారపడిన డిగ్రీ విద్యార్థి తన పేరిట మొత్తం 31,000 డాలర్లకు మించి ఫెడరల్ రుణం తీసుకోవడానికి సాధారణంగా చట్టమే ఒప్పుకోదు. అందువల్ల అక్కడి అంకె చదువు ఖరీదును చెప్పదు, ఆ పరిమితికి లోబడి తీసుకున్న రుణాన్ని చెబుతుంది. ఈ రెండు లెక్కలూ ఫెడరల్ సాయం తీసుకున్నవారివే, విదేశీ విద్యార్థులకు ఆ సాయం రాదు గనుక, అప్పు లెక్కలోనూ ఆదాయపు లెక్కలోనూ మన పిల్లలు లేరు. ఒక కన్సల్టెన్సీలో మాకు ఇచ్చిన కాగితంలో ఈ సైటు నుంచి తీసిన ఆదాయపు వరుస మీద పసుపు రంగు పూసి ఉంది. అప్పు వరుస మటుకు ప్రింటులోనే కత్తిరించారు. అడిగితే, మనవాళ్లకు అది వర్తించదు సార్ అన్నారు. నిజమే, కానీ పసుపు పూసిన వరుస కూడా వర్తించదన్న మాట చెప్పలేదు.

ఆదాయం విషయంలో ఈ కోర్సుకు మరో ప్రత్యేకత ఉంది. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023 మేలో పోలీసులు, డిటెక్టివ్‌ల మధ్యగత వార్షిక వేతనం 74,910 డాలర్లు, ప్రొబేషన్ అధికారులది (జైలుకు బదులు షరతులతో బయట ఉన్న దోషులను పర్యవేక్షించేవారిది) 61,800 డాలర్లు. చూడడానికి ముచ్చటగానే ఉన్నా, ఎఫ్‌బీఐ వంటి ఫెడరల్ సంస్థల్లో చేరడానికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. రాష్ట్రాల, నగరాల పోలీసు శాఖల్లో కూడా చాలాచోట్ల పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై వెళ్లిన అమ్మాయికి ఆ గుమ్మాలు మూసే ఉంటాయి. సాధారణ క్రిమినల్ జస్టిస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుల జాబితాలో లేదు కాబట్టి, పట్టా తర్వాత ఓపీటీ (విదేశీ విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) కింద పని చేసుకోవడానికి 12 నెలలే దొరుకుతాయి. స్టెమ్ కోర్సులవారికి అదనంగా వచ్చే 24 నెలలు ఈ కోర్సువారికి రావు.

ఇక మన అప్పు. చదువు ఖర్చులో మిగతాది ఇంటి డబ్బుతో సర్దుకుని 40 లక్షలే రుణం తీసుకున్నారనుకుందాం. 10.5 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలవాయిదా దాదాపు 54 వేలు అవుతుంది. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీని ఇందులో కలపలేదు. ఇంత పెద్ద రుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి గనుక, కూతురి జీతం లెక్క తప్పితే చిక్కుల్లో పడేది అన్నయ్య కూకట్‌పల్లి ఫ్లాటు. అమ్మాయి కోరిక పోలీసు ఉద్యోగమే అయితే, తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌లో ఎస్సై పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోయింది, వేతన శ్రేణి 42,300 నుంచి 1,15,270 రూపాయలు. పోటీ తీవ్రమే, దేహదారుఢ్య పరీక్షలూ ఉన్నాయి. అయినా నెలకు 54 వేల వాయిదా నెత్తిన పెట్టుకుని ఆ పరీక్ష రాయనక్కరలేదు.

అమెరికా పిల్లలకు ఈ సైటు ఐదుకు నాలుగున్నర మార్కులకు తగినది. హైదరాబాదులో కూర్చుని చదివేవారికి నేను మూడు ఇస్తాను: కోర్సుల మధ్య తేడా చూసుకోవడానికి ఇంతకన్నా నమ్మదగినది నాకు దొరకలేదు, కానీ ఎంత అప్పు చేయవచ్చో తేల్చుకోవడానికి ఇది పనికిరాదు. ఫోరెన్సిక్ సైన్స్ (నేర ఆధారాలను శాస్త్రీయంగా పరీక్షించే చదువు), సైబర్ ఫోరెన్సిక్స్ కోర్సుల కోడ్‌లు స్టెమ్ జాబితాలో ఉన్నాయి కాబట్టి, ఈ రంగం మీదే మనసున్నవారు కాలేజీ ఐ-20లో (వీసా కోసం కాలేజీ ఇచ్చే ప్రవేశ పత్రంలో) ఏ కోర్సు కోడ్ వేస్తుందో ముందే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకుని, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లడం మంచిది.