టెక్స్-మెక్స్ రెస్టారెంటా, టకేరియానా: డాలస్‌లో కుటుంబంతో వెళ్తే ఏది మేలు?

ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వైపు మనవాళ్లు "మెక్సికన్‌కి వెళ్దాం" అన్నారంటే అది రెండు రకాల చోట్లలో ఏదో ఒకటి. కూర్చోగానే చిప్స్, సాల్సా బల్ల మీదకొచ్చే టెక్స్-మెక్స్ రెస్టారెంటు ఒకటి. కౌంటర్ దగ్గర ఆర్డరిచ్చి నంబరు పిలిచేదాకా ఆగే టకేరియా రెండోది. చాలావరకు రెండూ ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునేవే. అయితే రుచి, బిల్లు, ఏ వంటకంలో ఏ మాంసం కలుస్తుందన్న సంగతి మాత్రం దేని దారి దానిదే. బౌల్స్ అమ్మే పెద్ద చెయిన్ల ఊసు ఇక్కడ అక్కర్లేదు.

టెక్స్-మెక్స్ టెక్సస్ గడ్డ మీద పెరిగిన వంట. పసుపుపచ్చ చీజ్, మైదా టోర్టియా (పల్చటి రొట్టె), జీలకర్ర బాగా పట్టించిన బీఫ్ గ్రేవీ దాని గుర్తులు. ఆ జీలకర్ర వల్లే మొదటిసారి తిన్నవాళ్లకు కూడా ఇది కొత్తగా అనిపించదు. కాల్చిన మాంసం చీలికల్ని టోర్టియాలతో కలిపి ఇచ్చే ఫహీటాకు ఇంత పేరు రావడానికి ముఖ్య కారణం నిన్ఫా లోరెంజో 1973లో హ్యూస్టన్‌లో తెరిచిన చిన్న హోటలు. ఫ్రోజెన్ మార్గరీటా (టెకీలా కాక్‌టెయిల్) యంత్రమైతే డాలస్ సొత్తే. 1971లో మరియానో మార్టినెజ్ సాఫ్ట్ ఐస్‌క్రీమ్ యంత్రాన్నే మార్చి దాన్ని తయారుచేశాడు. టకేరియా వంట సరిహద్దు అవతలిది. అక్కడ ముఖ్యం టాకో: చిన్న మొక్కజొన్న టోర్టియా, పెనం మీద కాల్చిన మాంసం, పైన ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం. చీజ్ అడిగితేనే వేస్తారు.

శాకాహారులు జాగ్రత్తపడాల్సింది మెనూ పెద్దదిగా ఉన్న చోటే. టెక్స్-మెక్స్‌లో "చీజ్ ఎంచిలాడా" (టోర్టియాలో చుట్టి పైన సాస్ పోసేది) అని చూసి నిశ్చింతగా చెప్పేస్తారు. లోపల చీజే ఉంటుంది, పైన పోసే ముదురు గోధుమరంగు గ్రేవీ మాత్రం చాలాచోట్ల బీఫ్‌తో చేసిందే. దాని బదులు సాల్సా వెర్దె (పచ్చ సాల్సా) గానీ, టమాటాతో చేసే రాంచెరో సాస్ గానీ పోయమనాలి. వాటిలోనూ చికెన్ స్టాక్ పడిందేమో అడగాలి. ఎర్రగా కనిపించే అన్నం తరచూ చికెన్ పొడి కలిపిన నీళ్లలోనే ఉడుకుతుంది. రీఫ్రైడ్ బీన్స్‌లో పంది కొవ్వు, చారో బీన్స్‌లో బేకన్ మామూలే. మిరపకాయలో కూరి వేయించే చిలీ రెయ్యెనోలో చీజ్‌కు బదులు బీఫ్ కీమా కూరేవాళ్లున్నారు, పైగా దాని పూతలో గుడ్డుంటుంది. "వెజిటేరియన్ అండీ" అని ఊరుకుంటే పైకి కనిపించే మాంసం ముక్కలు తీసేస్తారు, అంతే. "బీన్స్‌లో మాంతేకా (పంది కొవ్వు) వేస్తారా? అన్నంలో కాల్దో దె పోయో (చికెన్ స్టాక్) వేస్తారా?" అని పేరు పెట్టి అడిగితే వంటింట్లో కనుక్కుని వచ్చి సరైన జవాబు చెబుతారు.

టకేరియాలో శాకాహారం రెండు మూడు రకాలకు మించదు: పొబ్లానో మిరపచీలికల్లో చీజ్ కలిపిన రాహాస్, నాగజెముడు ఆకుల కూర నొపాలెస్, బీన్స్ కేసడియా (టోర్టియాలో చీజ్ పెట్టి మడిచి కాల్చేది). కానీ వంట మీ కళ్లముందే జరుగుతుంది కాబట్టి ఏం పడుతోందో చూడొచ్చు. చిక్కల్లా పెనంతోనే. అన్నీ ఒకే పెనం మీద కాలుతాయి. దాన్ని పట్టించుకునేవాళ్లకు రెండు చోట్లా భరోసాగా మిగిలేది గ్వాకమోలీ (అవకాడో పచ్చడి), సాల్సా, ఇంకా ప్యాకెట్ చిప్స్ మాత్రమే. అక్కడే వేయించిన చిప్స్ అదే నూనెలో ఇంకేం వేయించారో తెలుసుకున్నాకే తినాలి.

బీఫ్, పోర్క్ వద్దనే మాంసాహారులకు టకేరియా బోర్డు ఒకసారి అర్థమైతే చాలు. అసాదా, బార్బకోవా, లెంగువా, సువాదెరో ఇక్కడ బీఫ్. కార్నీతాస్, చొరీసో, చిచర్రోన్ పోర్క్. నిలువు ఊచకు గుచ్చి తిప్పే అల్ పాస్తోర్ చూడ్డానికి షవర్మాలా ఉంటుంది. లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ల పద్ధతి నుంచి పుట్టిందే కూడా, కానీ అది పోర్క్. పోయో అంటే చికెన్, కమరోన్ అంటే రొయ్య, చీవో అంటే మేక.

వంటవాడి పనితనం ఎక్కడ పట్టుకోవచ్చంటే, టెక్స్-మెక్స్‌లో ఎంచిలాడా దగ్గర. మొక్కజొన్న టోర్టియాను చుట్టే ముందు కాగిన నూనెలో కొన్ని క్షణాలు ముంచి తీయాలి. ఆ పని ఎగ్గొడితే సాస్ పీల్చుకుని, ఫోర్క్ తగలగానే జావ అయిపోతుంది. టకేరియాలో టోర్టియాను మడిచి చూడండి. సున్నపునీళ్లలో ఉడికించిన మొక్కజొన్న ముద్దతో చేస్తారు, గ్లూటెన్ ఉండదు. సరిగా వేడెక్కకపోతే మడతలోనే చిట్లుతుంది. రసం కారే మాంసానికి రెండు టోర్టియాలు ఒకదానిపై ఒకటి పెట్టి ఇచ్చేది అందుకే. టాకో చల్లారితే ఐదు పది నిమిషాల్లో మెత్తబడి రుచి చెడుతుంది కాబట్టి నలుగురికి పద్నాలుగు టాకోలూ ఒకేసారి చెప్పకుండా రెండు విడతలుగా తెప్పించుకోవడం మంచిది.

కారం సంగతికొస్తే, టెక్స్-మెక్స్ సాల్సా మనకు టమాటా పచ్చడికి చెల్లెలు, అదీ చప్పటి చెల్లెలు. హలపేన్యో మిరప కారం 2,500 నుంచి 8,000 స్కోవిల్ యూనిట్లు (కారం కొలిచే కొలత) దాటదు. సెరానో 10,000 నుంచి 23,000 దాకా వెళ్తుంది. "చిలే తొరెయాదో" అడిగితే హలపేన్యో గానీ సెరానో గానీ పొక్కులొచ్చేలా పెనం మీద కాల్చి ఇస్తారు. రెండు చోట్లా దొరుకుతుంది. టకేరియాలో లేతపచ్చగా, మీగడలా ఉండే సాల్సా చూసి అవకాడో అనుకుని పిల్లలకు పెట్టకండి. చాలాసార్లు అది హలపేన్యోను నూనెతో గిలక్కొట్టినదే.

బిల్లు లెక్క నలుగురికి ఇలా ఉంటుంది. టెక్స్-మెక్స్‌లో ఇద్దరికి సరిపోయే ఫహీటా 40 డాలర్లు, రెండు కాంబో ప్లేట్లు 30, పానీయాలు 12 అనుకుంటే 82. పన్ను 8.25 శాతం, టిప్ 18 శాతం కలిపితే 103 దాటుతుంది. టకేరియాలో టాకో 3 డాలర్ల చొప్పున పద్నాలుగు, పానీయాలు 12, పన్ను, టిప్ డబ్బాలో వేసే రెండు మూడు డాలర్లు కలిపినా 62 లోపే. టెక్సస్‌లో టిప్ మీద బతికే సర్వర్‌కు యజమాని గంటకు 2.13 డాలర్లిచ్చినా చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి కూర్చున్న చోట టిప్ దగ్గర పిసినారితనం పనికిరాదు. ఆరుగురు దాటితే బిల్లులోనే కలిపేసే చోట్లున్నాయి, రెండోసారి వేయకుండా చూసుకోండి. టకేరియాకు కాస్త క్యాష్ పట్టుకెళ్లాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, హై చెయిర్ కావాల్సిన పసివాళ్లు, ఒకరు వెజ్ ఇంకొకరు చికెన్ అంటే మాత్రం రెండో మాట లేదు, టెక్స్-మెక్స్‌కే వెళ్లాలి. శుక్రవారం ఏడింటికి కాదు, ఐదున్నరకు. ఫహీటాకు టోర్టియాలు మూడో నాలుగో ఇస్తారు, తక్కువైతే మొహమాటపడకుండా అడగండి. ఇద్దరు ముగ్గురే అయితే, తిండి కోసమే వెళ్తే టకేరియాదే పైచేయి. తాగడానికి హమాయికా చెప్పండి. మన ఎర్ర గోంగూర మొక్కదే, ఎండబెట్టిన పూల తొడుగులతో కాచిన పుల్లటి ఎర్ర నీళ్లు. పెద్దవాళ్లకు అది ఇట్టే నచ్చుతుంది.

బోటి, తలకాయ కూర ఇష్టపడేవాళ్లకు అసలు మెనూ టకేరియాలో శని, ఆదివారాల పొద్దున ఉంటుంది: మెనూదో, బార్బకోవా, బిర్రియా. మొదటి రెండూ బీఫే. బిర్రియా హలీస్కో రాష్ట్రంలో మేకమాంసంతో చేసే వంటకమే అయినా ఇక్కడ బీఫ్‌తో చేసేవాళ్లు ఎక్కువ. "బిర్రియా దె చీవో?" అని అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. మధ్యాహ్నానికల్లా గిన్నె ఖాళీ అయిపోతుంది కాబట్టి పదింటికల్లా చేరుకోవాలి.