‘ఘోస్ట్’ (1990): ప్రేమికుడి కంటే సోదమ్మే గొప్పది

సోది చెప్పే మనిషి నోట ప్రేమ కబురు పంపడం తిరుపతి వాళ్లకు కొత్త కథేం కాదు. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టి నారాయణవనం వెళ్లాడు, ధరణీదేవికి సోది చెప్పాడు, పద్మావతితో పెళ్లికి దారి వేసుకున్నాడు. హాలీవుడ్ సినిమా ‘ఘోస్ట్’లో సోదమ్మ పేరు ఓడా మే బ్రౌన్. ఆమె నోట కబురు పంపేవాడు చచ్చిపోయిన శామ్. ఈ కబురు వల్ల అతనికి పెళ్లీ లేదు, ప్రాణమూ తిరిగి రాదు. అవతల ప్రియురాలు మాలీ బతికి బయటపడితే చాలు.

కథ చిన్నదే. శామ్ న్యూయార్క్‌లో బ్యాంకు ఉద్యోగి, మాలీ మట్టితో కళాకృతులు చేసే మనిషి. బ్యాంకులో దొంగసొమ్ము నడుపుతున్న స్నేహితుడు కార్ల్ పురమాయించిన రౌడీ చేతిలో శామ్ చనిపోతాడు. తర్వాతి గండం మాలీకే అని తెలిసినా, ఆమెకు చెప్పుకునే దారి లేదు. దర్శకుడు జెర్రీ జుకర్ అంతకుముందు కామెడీలు తీసినవాడు కాబట్టి ఏడుపు మధ్యలో నవ్వు ఎక్కడ పెట్టాలో బాగా తెలుసు. నిడివి 2 గంటల 7 నిమిషాలు.

సారె మీద కుండ చేసే సీన్ శృంగారానికి పేరు పడింది గానీ, కథలో దాని పని వేరు. సారె తిరుగుతుండగా గోడ లేవాలంటే ఒక చెయ్యి లోపల, ఒకటి బయట ఉండాలి, రెండింటి ఒత్తిడీ సమానంగా పడాలి, మోచేతులు కదలకూడదు. లోపల ఆసరా లేకుండా బయటినుంచి వేలు గట్టిగా తగిలితే, నీళ్లకు మెత్తబడిన పలుచటి గోడ ఊగిపోయి ఒకటి రెండు చుట్లలోనే కూలుతుంది. శామ్ వెనకాల కూర్చుని చెయ్యి వేయగానే అయ్యేది ఇదే. బతికున్నప్పుడు అతను ముట్టుకుంటే కుండ కూలింది. చచ్చాక ఒక డబ్బా మూత కూడా కదలదు.

అందుకే నాణెం సీన్ అంత బాగా పండింది. మాలీ నమ్మక తలుపు తీయదు, ఓడా మే తలుపు కిందనుంచి ఒక పెన్నీ (అమెరికా ఒక సెంటు నాణెం) లోపలికి తోస్తుంది. 1982 తర్వాత వచ్చిన పెన్నీ బరువు 2.5 గ్రాములు, మన రూపాయి బిళ్ల కంటే తేలిక. శామ్ దాన్ని వేలితో తలుపు వెంబడి పైకి జరిపి, గాల్లో తేల్చి మాలీ చేతికి ఇస్తాడు. ఇది గాలిలోంచి ఊడిపడ్డ మహిమ కాదు. కోపాన్నీ దుఃఖాన్నీ కడుపులోకి కూడదీసి ఒక్కసారి బయటికి నెట్టాలని రైల్లో తిరిగే ఆత్మ నేర్పిన విద్య అది. కష్టపడి నేర్చుకున్నది ఆమె కోసం వాడుతున్నాడని మనకు తెలుసు కాబట్టే కళ్లు చెమ్మగిల్లుతాయి.

అయినా నిస్వార్థం అన్నమాట ఈ సినిమాలో ఎక్కువ తగేది ఓడా మేకి. శామ్ కాపాడుకునేది తను ప్రేమించిన మనిషిని. ఓడా మేకి మాలీ ఏమవుతుంది? పైగా పోలీసు రికార్డు ఉన్న మోసగత్తె అని మాలీ ఆమెను నమ్మదు కూడా. అలాంటి మనిషి కార్ల్ దొంగసొమ్ము 40 లక్షల డాలర్ల చెక్కుగా చేతిలో ఉండగా, శామ్ మాటకు కట్టుబడి వీధిలో చందాలు అడుగుతున్న నన్స్‌కు ఇచ్చేస్తుంది. చెక్కు వదలడానికి వేళ్లు ఒప్పుకోవు, అటు ఇటు లాగులాట. ఆ కొద్ది క్షణాల్లో హూపీ గోల్డ్‌బర్గ్ ముఖం చూడాలి. ఉత్తమ సహాయ నటి ఆస్కార్ ఊరికే రాలేదు. ఆఖర్న శామ్ మాలీని ఒక్కసారి ముట్టుకోవడానికి తన ఒళ్లే అప్పిస్తుంది.

సినిమా తప్పు చేసిందీ అక్కడే. మొదట మాలీ చేతిని అందుకునేవి ఓడా మే చేతులే. తర్వాత షాట్ మారి శామ్ వేషం వేసిన పాట్రిక్ స్వేజీ వచ్చేస్తాడు, నాట్యమంతా అతనితోనే. ఓడా మే ఏం ఇచ్చిందో కళ్లముందు ఉండాల్సిన సమయంలో ఆమెనే తెరమీంచి తప్పించేశారు. ఇంకొన్ని షాట్లు ఆమె మీద ఉంచే ధైర్యం చేసుంటే ఈ సినిమా స్థాయే వేరుగా ఉండేది.

మిగతా లోపాలు చిన్నవి. తలుపుల్లోంచి దూసుకుపోయే ఆత్మ నేలలోకి ఎందుకు దిగిపోదో చెప్పరు. చెడ్డవాళ్లను ఈడ్చుకెళ్లే నల్లటి నీడలు ఈనాటి కంటికి పాతవిగా కనిపిస్తాయి. నేపథ్య సంగీతం మారిస్ జార్‌ది. ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’ 1955 నాటి పాట, ఇందులో వినిపించేది రైచస్ బ్రదర్స్ 1965లో పాడింది. అన్నట్టు మన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ కూడా 1990లోనే వచ్చింది. అందులో ఇంద్రజ ప్రేమ కోసం స్వర్గం వదులుకుంటుంది. వరసగా రెండు రోజుల్లో రెండూ చూస్తే, ప్రేమలో ఎవరు ఏం వదులుకుంటున్నారో పోల్చుకోవడం సులువు.

సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి, ఓడా మే మాట చాలా వేగం. పిల్లలతో చూస్తే శామ్ హత్య, కార్ల్ మీద అద్దం విరిగిపడే సీన్, ఆ నీడల అరుపులు భయపెడతాయి. పన్నెండేళ్లు దాటినవాళ్లకైతే పర్వాలేదు.